నలభై రెండో టోపీ

పద్దెనిమిది గడులు నీళ్ళు తాగినంత సులువుగా నిండాయి. పందొమ్మిదో గడి దగ్గర టీచరు చెయ్యి ఆగిపోయింది. స్టాఫ్ రూము గోడ మీద గడియారం పన్నెండూ ఐదు చూపిస్తోంది. ఒంటిగంటలోపు ఫారం అందకపోతే ఈ బడికి ఇచ్చిన శుక్రవారాన్ని వేరే బడికి ఇచ్చేస్తామని ఉప్పు బాట సందర్శకుల కేంద్రంలో పనిచేసే అమ్మాయి పొద్దున ఫోన్లో చెప్పింది. తేనె పూసిన కత్తి అంటే ఆ గొంతే. స్టాఫ్ రూముకంతటికీ కంప్యూటరు ఒకటే, దాని ముందున్న కుర్చీకి ఒక పక్క చెయ్యి ఊడిపోయి రెండేళ్ళయింది, ఆ పక్కకి ఒరగకుండా కూర్చోవడం టీచర్లందరికీ అలవాటైపోయింది. ఐదో తరగతి, పిల్లలు నలభై మంది, ఆడపిల్లలు ఇరవై మూడు, మగపిల్లలు పదిహేడు. బస్సు ఒకటి. బయలుదేరేది ఏడున్నరకి, చేరేది తొమ్మిదిన్నరకి, మధ్యలో ఒకసారి ఆపాలి, ఎందుకంటే కొండ రోడ్డులో కడుపు తిప్పేవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళకి ముందు సీట్లు, చేతికి తలో కవరు. ఉబ్బసం ఉన్నవాడు ఒకడు, వాడి మందు టీచరు సంచిలోనే ఉండాలి, వాడి సంచిలో కాదు, సంచినే పోగొట్టుకునే రకం వాడు. వేరుశనగ పడనిది ఒకతె. ముందు చీకటి గదిలో పన్నెండు నిమిషాల సినిమా, తర్వాత కొండల నమూనా, తర్వాత ఒకప్పటి కూలీలు మోసిన ఉప్పు బస్తా ఎంత బరువుండేదో పిల్లలు ఎత్తి చూసే చోటు, భోజనం, ఆపైన పాత ఉప్పు బాట మీద నడక. చిన్న చుట్టా పెద్ద చుట్టా అని ఫారం అడిగితే ఆలోచించకుండా చిన్నదే అని నొక్కింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి అని ఆ బడిలో ఆమె ముందూ అంటారు, వెనకా అంటారు. పందొమ్మిదో గడి అడుగుతోంది: గతంలో మీ బడి పిల్లలు ఇక్కడికి వచ్చినప్పుడు ఏదైనా సంఘటన జరిగిందా? జరిగితే ఎలా జరిగింది, ఎవరి వల్ల? కింద నాలుగైదు వరుసలు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో నిలువు గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఎందుకైనా మంచిదని కేంద్రానికి ఫోను చేసింది. పందొమ్మిదో గడి వదిలెయ్యొచ్చా అని అడిగింది, ఏదో మాటవరసకి అడిగినట్టు.

"కుదరదు మేడమ్, ఖాళీ ఉంటే సిస్టమ్ తీసుకోదు. ఒక్క నిమిషం, మీ బడి పాత ఫైలు చూస్తాను. ఆఁ, ఉంది. ఐదేళ్ళ కిందటిది. గైడు నిర్లక్ష్యం అని రాసి మూసేశారు. రెండే రెండు ముక్కలు. అవే దించెయ్యండి, వెంటనే పచ్చ టిక్కు పడిపోతుంది."

"వేరేగా రాస్తే?"

"వేరేగా ఏముంటుంది మేడమ్?" అని నవ్వింది ఆ పిల్ల. "వేరేగా రాస్తే ఫైలు మళ్ళీ తెరవాలి, పైవాళ్ళు చూడాలి. బాధ్యతగా వచ్చే టీచరు మీదే ఏమైనా ఉంటే, ఆవిడ పేరు తీసేసి ఇంకొకరి పేరు ఇవ్వాలి. అంత తలనొప్పి మీకెందుకు చెప్పండి? ఆ గైడు కూడా ఇప్పుడు ఇక్కడ లేడులెండి."

లేడు. లేడని టీచరుకు ఆ పిల్ల కంటే బాగా తెలుసు. ఫోను పెట్టేసి మళ్ళీ నిలువు గీతను చూసింది. గైడు నిర్లక్ష్యం. రెండు ముక్కలు, కళ్ళు మూసుకుని కొట్టినా అర నిమిషం పట్టదు. కిటికీ బయట మూడో తరగతి పిల్లలు ఎక్కం అప్పజెబుతున్నారు, ఏడో ఎక్కం, ఏడారుల దగ్గర సగం మంది గొంతు తగ్గించేస్తున్నారు, తెలియని చోట గొంతు తగ్గించడం మనిషికి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఈ శుక్రవారం ఆమె కోరుకున్నది కాదు. కొత్త పాఠ్యపుస్తకంలో ఉప్పు బాట పాఠం వచ్చింది, పిల్లలు చూడాలన్నారు, హెడ్ మేడమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, నువ్వే తీసుకెళ్ళు, దారి తెలిసినదానివి, అనేసింది. దారి తెలిసినదానివి. ఆ మాట విన్నప్పుడు గుమ్మడికాయల దొంగలా టీచరు భుజాలు తడుముకోలేదు, అలాగే మేడమ్ అని తల ఊపింది, ఎందుకంటే ఈ ఐదేళ్ళలో తడుముకోకుండా ఉండడం బాగా సాధన చేసింది. తలుపు తెరిచి అదే హెడ్ మేడమ్ ఇప్పుడు సగం లోపలికి వంగి, అయిందా, అని అడిగింది. పందొమ్మిదో గడి ఒక్కటీ మిగిలింది మేడమ్. దానికేముంది, పాత కాగితంలో ఏముంటే అదే వేసెయ్, పాత గోల ఇప్పుడెందుకు తవ్వడం, ఒంటిగంట దాటితే మాత్రం ఊరుకోను సుమా. తలుపు మూసుకుంది. మంచి మనిషే. ఐదేళ్ళ కిందటి విచారణలో పక్కన కూర్చుని టీచరు భుజం మీద చెయ్యి వేసిన మనిషే. ఆ చెయ్యి వెచ్చగా ఉండింది, ఆ వెచ్చదనం కోసమే నోరు తెరవలేదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది, కానీ అది సాకు, ఆ సాకు టీచరుకు నచ్చదు.

ఆ కేంద్రంలో పిల్లలందరికీ పసుపుపచ్చ టోపీలు ఇస్తారు, కొండ మీద దూరానికి కూడా కనిపించాలని. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ మంచి ఆలోచనే, ఎంత దూరం నుంచైనా పిల్ల కనిపిస్తుంది, ఎవరి పిల్లో మాత్రం తెలియదు. పెద్ద చుట్టు నడిచేవాళ్ళకి తలో వెదురు కర్ర కూడా ఇస్తారు. ఐదేళ్ళ కిందట నలభై రెండు మంది, నలభై రెండు కర్రలు. గైడు యాభై దాటిన మనిషి, సన్నగా, మోకాళ్ళ దాకా వేలాడే వాన కోటుతో, పిల్లలతో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా గొంతుక్కూర్చునేవాడు. అతనిది ఒక పద్ధతి, తిరిగొచ్చాక తలలు లెక్కపెట్టడు, కర్రలు లెక్కపెడతాడు. పిల్లలు కదులుతారు టీచరమ్మా, కర్రలు కదలవు, అన్నాడు పొద్దున, ఆ మాటకి ఆమె నవ్వింది కూడా. బాట మొదట్లో ఒక రిజిస్టరు ఉంటుంది. కొండ దిగాక టీచరు ఒకసారి, గైడు ఒకసారి, ఒకరి అంకె ఒకరు చూడకుండా లెక్కపెట్టి రాయాలి, ఆ తర్వాతే బస్సు. అది అక్కడి నియమం. మధ్యాహ్నం పెద్ద చుట్టు సగంలో ఉండగా వాన అందుకుంది, చినుకు కాదు, ఏకంగా కుండపోత, పిల్లలు కేకలు వేసుకుంటూ పరుగు, ఆటల మాస్టారు ముందు ఈల ఊదుకుంటూ, వెనక టీచరు పరిగెత్తండి పరిగెత్తండి అని అరుస్తూ. పరిగెత్తండి అన్నది ఆమే. వెనక నడవాల్సిన మనిషి, ఆ పరుగులో మధ్యకి వచ్చేసింది, వెనక్కి తిరిగి చూసిందో లేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. కేంద్రం చూరు కింద, అదే రోజు వచ్చిన ఇంకో బడితో కలిపి, రెండు బడుల పిల్లలు కలగాపులగంగా నిలబడ్డారు, వరుసగా నిలబడండి అంటే నిలబడ్డారు, టీచరు టోపీల మీద వేలు పెట్టి లెక్కపెట్టింది, నలభై, నలభై ఒకటి, నలభై రెండు. సరిపోయింది. అమ్మయ్య. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికిందట వెనకటికొకతె. టీచరుది దానికి తలకిందులు, చంకలో ఎవరి పిల్లో ఉంది, తన పిల్ల లేదన్న సంగతే తెలియదు.

పన్నెండూ ఇరవై రెండు. ఈల మాస్టారు లోపలికొచ్చి తన టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టాడు. బడిలో ఆటలు నేర్పించేది ఆయనే, మెడలో ఈల లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు, పెళ్ళి ఫొటోలో కూడా ఉందని పిల్లలు చెప్పుకుంటారు. "ఏంటి టీచర్, ఇంకా పంపలేదా? ఆ ఫారం మీద ఏమైనా గుడ్లు పెట్టారా, పొదుగుతున్నారు?" అన్నాడు. ఆమె నవ్వినట్టు ముఖం పెట్టింది. ఈయన పేరు ఇస్తే? బాధ్యతగా వచ్చే టీచరు అన్న గడిలో ఈయన పేరు వేస్తే పిల్లల ప్రయాణం ఆగదు. నలభై మందీ వెళతారు, ఉప్పు బస్తా ఎత్తుతారు, ఎత్తలేక నవ్వుతారు. పిల్లలకి అన్యాయం అవుతుందని ఇందాకటి దాకా తనకు తాను చెప్పుకుంటున్న మాట ఒకటి ఉంది, అది కూడా చేతిలోంచి జారిపోయింది. ఇక మిగిలింది తన సంగతే. తన పేరు, తన ఉద్యోగం, ఇరవై రెండేళ్ళుగా ఆ బడిలో ఆమె నడిస్తే పిల్లలు దారి ఇచ్చే ఆ మర్యాద. మాస్టారూ, శుక్రవారం మీకు ఖాళీయేనా, అని అడిగింది. నాకేం పని టీచర్, ఈల ఊదడమేగా, అన్నాడు ఆయన డబ్బా మూత తీస్తూ.

బల్ల మీద తల్లిదండ్రుల అనుమతి చీటీలు నలభై ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి. పైన ఉన్న చీటీ అక్కడికి దానంతటదే రాలేదు, పొద్దుటి నుంచి ఆమే తీసి తీసి చూసి పైన పెడుతోంది. అది గంట వాళ్ళ అమ్మ రాసింది. గంట అంటే ఐదో తరగతిలో మూడో బెంచీ పిల్ల, మాట్లాడితే బడి మొత్తం వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు. దాని అక్క పేరు గుసగుస. అక్కాచెల్లెళ్ళిద్దరికీ గొంతు పంచేటప్పుడు దేవుడు పెద్దదానికి ఇవ్వడం మరిచిపోయి, రెండు వాటాలూ చిన్నదానికే ఇచ్చేశాడని స్టాఫ్ రూములో అనుకుంటారు. ఆ రోజు కొండ మీద ఉండిపోయింది గుసగుసే. దారి సగంలో పాత రాతి మజిలీ ఉంది, ఒకప్పుడు ఉప్పు మోసేవాళ్ళు ఆగి పడుకున్న గది, వాన మొదలవగానే చెప్పులో రాయి తీసుకుందామని దాని లోపలికి వెళ్ళింది, గడప దిగబోయి మడమ మెలిక పడింది, కూర్చుండిపోయింది. పిలిచాను టీచర్, అంది తర్వాత. పిలిచే ఉంటుంది. అది అరిచినా పక్క బెంచీకి వినిపించదు. ఆ తల్లి చీటీ మీద అచ్చు వేసిన మాటల కింద నీలి పెన్నుతో రాసింది: చిన్నదాన్ని పంపిస్తున్నాను, మీరు వెంట ఉంటేనే. మీరు అన్న చోట పెన్ను గట్టిగా ఒత్తింది, చీటీ వెనక వేలితో తడిమితే తగులుతోంది. ఆ తల్లి బట్టలు కుడుతుంది, ఆమె చేతిరాత కూడా కుట్టులాగే ఉంటుంది, చిన్నగా, వరుస తప్పకుండా. ఆ రోజు పిల్లను ఇంటికి తీసుకెళ్ళి అప్పజెప్పినప్పుడు ఆ తల్లి టీచరు రెండు చేతులూ పట్టుకుంది, ఆ గైడు కళ్ళు మూసుకుని పనిచేశాడటగా, మీరు బస్సు తిప్పారు కాబట్టి సరిపోయింది, అంది. టీచరు ఆ చేతుల్ని వదిలించుకోలేదు.

బస్సు తిప్పింది నిజమే. ఇరవై నిమిషాలు పోయాక, పక్కన కూర్చునే పిల్ల, గుసగుస ఏది టీచర్, అని అడిగాక. వెనక్కి వెళ్ళేసరికి గైడు అక్కడ లేడు. కర్రల సంగతి తేలలేదని తనంతట తానే టార్చి పట్టుకుని వానలో పైకి వెళ్ళాడని చెప్పారు. గంట సేపు టీచరు చూరు కింద నిలబడింది, ఆ గంటలో ఆమె ఏమనుకుందో ఎవరికీ చెప్పలేదు, చెప్పదు కూడా. పొద్దు వాలుతుండగా అతను పిల్లను వీపు మీద మోసుకుని దిగాడు, వాన కోటు దాని మీద కప్పి, తను తడిసి ముద్దై. దొరికింది టీచరమ్మా, అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ అనలేదు, అనుంటే బాగుండేది. వారం తర్వాత విచారణ. అధికారి రిజిస్టరు తెరిచి బల్ల మీద తిప్పి పెట్టాడు. గైడు వరుసలో ముందు నలభై ఒకటి అని ఉంది, దాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన నలభై రెండు. ముందు సరిగ్గా రాసి తర్వాత ఎందుకు దిద్దావు, పిల్ల తప్పిపోయిందని తెలిసే కప్పిపుచ్చావా, అని అధికారి అడిగాడు. గైడు టీచరు వైపు చూశాడు. కోపంగా కాదు. తరగతిలో జవాబు తెలిసిన పిల్ల వైపు మిగతా పిల్లలు చూసినట్టు, చెబుతుందిలే అని చూశాడు. బల్ల అద్దం కింద ఒక పాత క్యాలెండరు ఉంది, టీచరు దాని మీద ఆదివారాలు చూస్తూ కూర్చుంది. మొదటి ఆదివారం, రెండో ఆదివారం. నాలుగో ఆదివారం దాకా అతను ఆగాడు. పొరపాటైందండీ, అన్నాడు. నెల తిరక్కుండా తీసేశారు.

అతను దిద్దలేదు. ఆమె దిద్దించింది. చూరు కింద ఆమె నలభై రెండు అని రాసి పెన్ను ఇస్తే, అతను కర్రలు చూసి నలభై ఒకటి అని రాసి తల గోక్కున్నాడు. "ఒక కర్ర తక్కువుంది టీచరమ్మా, ఇంకోసారి చూద్దామా?" అన్నాడు. కర్ర ఎక్కడో పడేసి ఉంటారు, పిల్లలన్నాక పారేస్తారు, పిల్ల ముఖ్యమా కర్ర ముఖ్యమా, అంది ఆమె. ముఖ్యమే గానీ, ఒక్కసారి, అని అతను నసిగాడు. బస్సు డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యడం లేదు, చీకటి పడితే కొండ రోడ్డు మూసేస్తారు, పిల్లల పళ్ళు టకటకలాడుతున్నాయి. "నా పిల్లల్ని లెక్కపెట్టడం నాకు రాదంటావా? ముందు అది కొట్టేసి సరిగ్గా రాయి," అంది. పక్క బడి టీచర్లు తలలు తిప్పి చూసేంత గట్టిగా అంది. నువ్వు అంది, ఆ పెద్దమనిషిని. అతను కొట్టేశాడు. ఇదంతా ఆమెకు ఎప్పటి నుంచో తెలిసిందే, ఐదేళ్ళుగా దీన్నే అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది, ఎంత తిప్పినా చివరికి ఒక ఊరట ఉంటుంది, తెలియక చేశాను, వానలో పొరపాటు పడ్డాను, లెక్క తప్పడం ఎవరికైనా జరుగుతుంది. ఇంట్లో ఆయన కూడా అదే అన్నాడు, నువ్వేమైనా కావాలని చేశావా.

పన్నెండూ ముప్పై ఐదు. భోజనం గంట కొట్టారు. వరండాలో నలభై జతల కాళ్ళు, కాదు, నాలుగు వందల జతలు, అన్నీ కలిసి ఒకే చప్పుడు. రెండు నెలల కిందట బజారులో చెప్పుల దుకాణానికి వెళితే నీలం యూనిఫాం వేసుకున్న మనిషి అద్దాల తలుపు తెరిచి పట్టుకున్నాడు. రండి టీచరమ్మా, అన్నాడు ఆ గైడు. వెటకారం ఉందేమోనని ఆ మాటను ఆమె ఇంటికెళ్ళాక కూడా వెతికింది, లేదు, వానలో తడిసిన మనిషిని చూరు కిందకి పిలిచినట్టే పిలిచాడు. వెనక్కి తిరిగితే బాగుండదని లోపలికి వెళ్ళి, తొందరగా బయటపడాలని కాలికి పట్టని జత కొని, ఇంకో తలుపు ఉందా అని సేల్సు పిల్లను అడిగింది. లేదు మేడమ్, ఇదొక్కటే. మళ్ళీ అతనే తెరిచాడు. ఆ రాత్రి నుంచే, సరిగ్గా ఆ రాత్రి నుంచే, ఆ వాన రోజులో ఆమె ఎప్పుడూ వెళ్ళని మూల ఒకటి తెరుచుకోవడం మొదలుపెట్టింది. ఆమె దాన్ని పిల్లల ఉత్తరాలతో, పరీక్ష పేపర్లతో, ప్రయాణం ఏర్పాట్లతో, కవర్లతో, ఉబ్బసం మందుతో మూస్తూ వచ్చింది. ఇప్పుడు పంపాల్సిన ఫారం కూడా ఆ మూత మీద పెట్టే రాయే. ఆ వాన రోజు రిజిస్టరు మూసేశాక, అతను పెన్ను జేబులో పెట్టుకున్నాక, తన పిల్లల్ని బస్సు వైపు నడిపిస్తుండగా, పక్క బడి టీచరు ఒకావిడ వచ్చి ఈ బడి వరుస చివర నుంచి పసుపు టోపీ పిల్ల ఒకతెను మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళింది. నువ్విక్కడున్నావేంటే, మన వరుస అక్కడైతే, అంటూ. టీచరు అది చూసింది. ఓరకంట చూసింది, కానీ చూసింది. చూసి, అర క్షణం, నలభై రెండులోంచి ఒకటి పోతే అని మనసులో మొదలై, ఆ లెక్క పూర్తికాకుండానే దాన్ని నొక్కేసింది. ఎందుకంటే మళ్ళీ లెక్కపెట్టాలంటే వెనక్కి తిరగాలి, తిరిగితే ఆ మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు, ఇప్పుడే అందరి ముందూ గద్దించిన మనిషి. అతని ముందు ఒకటీ రెండూ అని మళ్ళీ వేలు పెట్టి లెక్కపెట్టడం ఆమెకు చావు కంటే కష్టమనిపించింది. అందుకని ఎక్కండి ఎక్కండి అంది. బస్సులో ముగ్గురేసి సర్దుకోండి, తడి బట్టలతో సీట్లు పాడుచెయ్యకండి, అంది. తెలియక కాదు. తెలుసు. పూర్తిగా తెలియకుండా చూసుకునేంత తెలుసు.

టీచరు రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టింది. లెక్కలో తేడా వచ్చింది, అని కొట్టింది. చదువుకుంది. పిల్లలు ఇలా రాసుకొస్తే పక్కన ఎర్ర సిరాతో ఎవరు అని రాస్తుంది, గాజు గ్లాసు పగిలింది అని రాసే పిల్లలకి గ్లాసు తనంతట తాను పగలదురా అని చెబుతుంది. చెరిపేసింది. వాన కారణంగా, అని మొదలుపెట్టి అదీ చెరిపేసింది, వాన ఎవరి పిల్లల్నీ లెక్కపెట్టలేదు. ఈల మాస్టారు నములుతూ, ఏంటి టీచర్, అంతలా చెమటలు పడుతున్నాయి, ఫ్యాను పెంచనా, అన్నాడు. పెంచండి అంది. ఫ్యాను గాలికి చీటీలు రెపరెపలాడాయి, వాటి మీద చెయ్యి పెట్టుకుని ఒంటి చేత్తో కొట్టింది. సంఘటన జరిగింది. నా తరగతి పిల్లను కొండ మీద వదిలేసి బస్సు బయలుదేరదీశాను. గైడు నలభై ఒకటి అని సరిగ్గానే రాశారు. మళ్ళీ చూద్దామని కూడా అన్నారు. నేను గద్దించి ఆ అంకె కొట్టేయించాను. ఆ తర్వాత మా వరుసలోంచి వేరే బడి పిల్లను తీసుకుపోవడం చూశాను, చూసి కూడా లెక్కపెట్టలేదు. విచారణలో ఇవేవీ చెప్పలేదు. అతని ఉద్యోగం పోయింది నా వల్ల. బాధ్యతగా వచ్చే టీచరు అన్న గడిలోంచి తన పేరు తీసేసి ఈల మాస్టారు పేరు వేసింది. ఒకసారి కూడా చదువుకోలేదు, చదివితే ఏదో ఒక మాట మెత్తబరుస్తుందని తెలుసు. పన్నెండూ నలభై ఎనిమిదికి నొక్కింది. పచ్చ టిక్కు పడలేదు. పరిశీలనలో ఉంది అని పసుపు అక్షరాలు వచ్చాయి. తేలికగా ఉంటుందని ఎక్కడో చదివింది, ఏ తేలికా లేదు, భయం మాత్రం ఉంది, పచ్చి భయం. ఇంకాసేపట్లో హెడ్ మేడమ్ ఫోను మోగుతుంది. మోగనీ. ఆలోపు ఇంకొకరికి ఆమె నోటితోనే చెప్పాలి, కాగితం చెప్పకముందే.

గంట వాళ్ళ అమ్మ రోజూ పన్నెండూ నలభై ఐదుకి గేటు దగ్గరకి పిల్లకి వేడి అన్నం తెస్తుంది. ఇవాళా తెచ్చింది. బట్టల మీద ఎర్రదారం ముక్కలు అంటుకుని ఉన్నాయి, డబ్బా పిల్లకిచ్చి, నిలబడి తిను, మీద పోసుకోకు, అంటోంది. టీచరును చూడగానే ముఖం విప్పారింది. చీటీ అందిందా టీచర్, మీరుంటే నాకే బెంగా లేదు, అంది. టీచరు పిల్లను పంపు దగ్గర నీళ్ళు తాగి రమ్మని పంపింది. తర్వాత చెప్పింది. కర్ర సంగతి, కొట్టేయించిన అంకె సంగతి, మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళిన పిల్ల సంగతి. తను చూసిన సంగతి. గేటు పక్క వాచ్‌మన్ వింటున్నాడని తెలుసు, అయినా గొంతు తగ్గించలేదు. శుక్రవారం పిల్లలతో తను వెళ్ళడం లేదని, మాస్టారు వెళతారని, చీటీ వెనక్కి కావాలంటే ఇచ్చేస్తానని చెప్పి ఆగింది. కొట్టినా బాగుండును అనుకుంది.

ఆ తల్లి గేటు కడ్డీ పట్టుకుని పంపు దగ్గర నీళ్ళు చిమ్ముకుంటున్న చిన్నదాన్నే చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. మాట్లాడినప్పుడు ఆ గొంతు టీచరుకు అచ్చం పెద్దపిల్ల గొంతులా వినిపించింది, ముందుకు వంగితే గానీ అందలేదు.

"ఐదేళ్ళుగా ఆ మనిషిని తిడుతున్నాను టీచర్. వాన పడితే పెద్దది ఇప్పటికీ కిటికీలన్నీ మూసుకుని మంచం మీద కూర్చుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా తిట్టాను. వాడి పిల్లలకీ ఇలాగే కావాలి, వాడి ఇంట్లోనూ ఇలాగే ఏడవాలి, అని నోరారా తిట్టాను." కడ్డీ మీద చేతివేళ్ళు తెల్లబడ్డాయి. "ఆయనకి పిల్లలున్నారా?"

టీచరుకు అతని వాన కోటు గుర్తుంది, గొంతుక్కూర్చునే తీరు గుర్తుంది, అతను తెరిచిన అద్దాల తలుపు గుర్తుంది. ఆ ఇంట్లో ఎవరున్నారో, నెల తిరక్కుండా జీతం ఆగిపోయాక ఎవరు ఏం తిన్నారో, ఈ ఐదేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెకు అడగాలని తోచలేదు.

"తెలియదమ్మా," అంది.

"కనుక్కుని చెప్పండి," అంది ఆ తల్లి. "అది తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు."